దామోదర్ సేఫ్టీ ప్యాంటు

సోమవారం పొద్దున ఆరుకల్లా సిద్దప్ప తోట చేరాలి, ఎండ ముదరక ముందే అక్కడి ఎండిన చింతచెట్టును పడగొట్టాలి, పదకొండుకు ఇంటికొచ్చి స్నానం చేసి భోంచేయాలి. దామోదర్ పథకం అంతే. పుంగనూరు చుట్టుపక్కల చెట్లు కొట్టేవాళ్ళు పాతికమంది దాకా ఉన్నారు గాని, పథకం వేసుకుని చెట్టు కొట్టేవాడు అతనొక్కడే. మిగతావాళ్ళు లుంగీ ఎగ్గట్టి, బీడీ ముట్టించి, చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి పని మొదలుపెట్టేస్తారు. దామోదర్‌కు మొదలుపెట్టడానికే గంట పడుతుంది.

అతను స్వతహాగా భయస్థుడు. ఖాళీ రోడ్డు దాటడానికి కూడా రెండు పక్కలా రెండేసిసార్లు చూస్తాడు. తండ్రి చేసిన పని కాబట్టి చెట్ల పనిలోకి వచ్చాడు. తండ్రి గొడ్డలితో బతికాడు. దామోదర్ 2004లో మిషన్ రంపం కొన్నాడు. కొన్ననాటి నుంచీ దాన్ని కట్టేసిన కుక్కను చూసినట్టు కొంచెం దూరం నుంచే చూసేవాడు.

ఆ భయానికి మందు మరుసటేడు కుప్పంలో దొరికింది. అక్కడ చెట్లు కోసేవాళ్ళకు మూడు రోజుల శిక్షణ ఇచ్చి, చివరి రోజు ఒక సంచి కూడా ఇచ్చారు. అందులో ముందువైపు జల్లెడ ఉన్న హెల్మెట్, చెవులకు పెట్టుకునే డిప్పలు, బూట్లు, చేతి తొడుగులు, అన్నిటికంటే ముఖ్యంగా ఒక సేఫ్టీ ప్యాంటు ఉన్నాయి. బయటికి అది మామూలు ముతక ప్యాంటే. లోపల మాత్రం తొడల మీదా మోకాళ్ళ మీదా పొడవాటి తెల్లటి పోగులు పొరలు పొరలుగా కూరి ఉంటాయి. తిరిగే చైను పొరపాటున కాలికి తగిలిందంటే ఆ పోగులు బయటికి లాగబడి, చైనుకు చుట్టుకుని, మిషన్‌ను అక్కడికక్కడే నిలిపేస్తాయి. కాలు దక్కుతుంది. ఈ సంగతి దామోదర్ భార్య వాణికి ఎన్నిసార్లు చెప్పాడంటే, ఆమె కూర తరుగుతూ తప్పు లేకుండా ఒప్పజెప్పగలదు.

ప్యాంటు మహిమ వాణికి తెలుసు. కార్తీకమాసం గడపడానికి కురబలకోట నుంచి వచ్చిన ఆమె తల్లి పూలమ్మకు తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం దామోదర్ ప్యాంటు ఉతికి తీగమీద ఆరేసి, మిషన్‌కు పెట్రోలు తేవడానికి వెళ్ళాడు. పూలమ్మ వడియాలకు కాపలా కూర్చుంది. ప్యాంటు కాలి అంచున కుట్టు కాస్త ఊడి, తెల్లగా మెరుస్తూ పోగు ఒకటి బయటికి వేలాడుతూ కనబడింది. ఆవిడ లాగింది. అది వస్తూనే ఉంది. మరునాడు కార్తీక సోమవారం, శివాలయంలో మూడు వందల అరవై ఐదు ఒత్తులు వెలిగించాలి, ఇంట్లో ఉన్న పత్తి నూటికి కూడా చాలదు. చలికి ఓర్వలేని అల్లుడు ప్యాంటులో ఇంత పత్తి కూరించుకున్నాడు కాబోలని జాలిపడి, చలి ఇంకా ముదరలేదు కదా అని సమాధానపడి, కుట్లు విప్పి ఉన్నదంతా తీసేసుకుంది. పనిమంతురాలు కావడంతో కుట్లు మళ్ళీ ముందుకంటే నీటుగా వేసింది.

సోమవారం తెల్లవారుజామున ప్యాంటు తొడుక్కుంటే దామోదర్‌కు కాళ్ళు తేలిగ్గా అనిపించాయి. ఉతికితే మురికి వదిలిందనుకున్నాడు. తోటకు వెళ్ళాక జేబులోంచి చిన్న పుస్తకం తీసి తన పదకొండు తనిఖీలూ చేసుకున్నాడు. చైను బిగువు, బ్రేకు, ఆయిలు, గాలి వాటం, పారిపోయే దారి, అన్నిటికీ టిక్కు పెట్టాడు. పదకొండోది ప్యాంటు వేసుకున్నానా అని. వేసుకున్నాడు కాబట్టి దానికీ టిక్కు పెట్టాడు.

చెట్టు సిద్దప్ప పట్టుపురుగుల షెడ్డు వైపు ఒరిగి ఉంది. దాన్ని అటు పడనీయకుండా తాడు కట్టి పక్కకు లాగి పడగొట్టాలి. దామోదర్ చెట్టు చుట్టూరా ఇంకో తాడు కట్టి, మిషన్ తిరుగుతున్నంతసేపూ ఎవరూ దాన్ని దాటకూడదని, చెవులకు డిప్పలుంటాయి కాబట్టి పిలిచినా వినబడదని, మరీ అవసరమైతే తువ్వాలు ఊపమని చెప్పాడు. తాడు లాగడానికి వచ్చిన కూలీలు అతని హెల్మెట్ చూసి చెట్టు కొట్టను పోతాండావా, చంద్రుడి మీదికి పోతాండావా అని అడిగారు. దామోదర్ పట్టించుకోలేదు.

అతను ఏడున్నరకు చెట్టు ఎక్కి కొమ్మలు కోయడం మొదలుపెట్టిన వేళకే, పుంగనూరు శివాలయంలో పూలమ్మ ఒత్తులు వెలిగించింది. అవి వెలగలేదు. ముడుచుకుని, నల్లగా కరిగి, ప్లాస్టిక్ బకెట్టు కాలిన కంపు కొట్టాయి. పూజారి ముక్కు మూసుకుని, ప్రమిదను తానే బయట పెట్టి వచ్చాడు. పూలమ్మ ఇంటికొచ్చి, ఇప్పటి పత్తి కూడా కల్తీయేనని కూతురితో వాపోయింది. పత్తి ఎక్కడిదని వాణి అడిగింది. పూలమ్మ చెప్పింది.

వాణి చేతిలోని చెంబు కింద పడింది. దాన్ని తీయడానికి కూడా ఆగకుండా వీధి చివరి ఫోన్ బూత్‌కు పరుగెత్తింది. బూత్‌లో అప్పటికే నలుగురు మగవాళ్ళు వంతు కోసం నిలబడి ఉన్నారు. వాళ్ళను బతిమాలి సిద్దప్ప సెల్‌ఫోన్‌కు కలిపించుకునేసరికి ఆమెకు రెండు సంగతులు తట్టాయి. ఒకటి, మా అమ్మ మా ఆయన ప్యాంటు విప్పి లోపలిదంతా లాగేసిందని నలుగురు వింటుండగా ఒక పెద్దమనిషికి చెప్పడం ఆడదానివల్ల అయ్యే పని కాదు. రెండోది, ప్యాంటు ఖాళీ అని తెలిస్తే దామోదర్‌కు చేతులు వణుకుతాయి. నడుస్తున్న మిషన్ చేతిలో ఉండగా చేతులు వణికితే అయ్యేదేమిటో కూడా అతనే ఆమెకు చెప్పి ఉన్నాడు.

"సిద్దప్పన్నా, మా ఆయన్ని కోత ఆపమను. నేను వస్తాండాను" అంది.

"యాలమ్మా? ఏమైంది?"

"అది ఫోన్లో సెప్పే మాట కాదన్నా. ఆయనకి మాత్రం ఏమీ సెప్పద్దు. మెల్లిగా కిందికి దించు, సాలు."

అరవై ఏళ్ళ జీవితంలో సిద్దప్ప ఇలాంటి ఫోన్లు చాలా అందుకున్నాడు. వణుకుతున్న ఆడగొంతు, ఫోన్లో చెప్పలేని మాట, మగవాడికి చెప్పవద్దని బతిమాలడం. అన్నిటికీ ఒకటే అర్థం. కురబలకోట నుంచి అత్త వచ్చి ఉందని దామోదర్ పొద్దున మాటల్లో అన్నాడు. పెద్దావిడ, కార్తీకమాసం చన్నీళ్ళ స్నానాలు. సిద్దప్ప భుజం మీది తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు.

ఆ ఊళ్ళో చావు కబురు చెప్పడానికి ఒక పద్ధతుంది. వినేవాడి కడుపులో ఇంత పడ్డాకే చెప్పాలి. విన్నాక ముద్ద దిగదు, ఇంట్లో పొయ్యి వెలగదు, ఎప్పుడు తింటాడో తెలియదు. అందుకని సిద్దప్ప ముందు ఇంట్లోకి ఇడ్లీలకు చెప్పాడు. తరువాత కూలీలను పిలిచి సంగతి చెవిలో వేశాడు. ఆ తరువాత తన పాలేరు ముద్దుకృష్ణను మోపెడ్ మీద పుంగనూరు పంపి, దోవలో ఒక దండ కొనుక్కుని తన తరఫున దామోదర్ ఇంటి దగ్గర అందించి రమ్మన్నాడు.

అప్పటికి దామోదర్ కొమ్మలు కోయడం ముగించి, కిందికి దిగి, చెట్టు మొదలు దగ్గర, అది పడాల్సిన వైపున ముందు గాటు పెట్టేశాడు. పెట్రోలు పోసుకోవడానికి మిషన్ ఆపేసరికి సిద్దప్ప తాడు అవతలి నుంచి తువ్వాలు ఊపుతూ కనిపించాడు. దామోదర్ డిప్పలు ఎత్తాడు.

"రా నాయినా, రెండిడ్లీలు తిని పోదువు" అన్నాడు సిద్దప్ప. పొద్దుటి నుంచీ ఏమప్పా ఏమప్పా అని పిలిచిన మనిషి ఇప్పుడు నాయనా అంటున్నాడు.

"ఇప్పుడు రాకూడదన్నా. ముందు గాటు పడినాక సెట్టును వదిలి పోతే అది ఎప్పుడు యాడ పడతాదో తెలీదు. షెడ్డు ఉండాది."

"షెడ్డు పోతే పోనీ. నువ్వు తిను."

ఆ షెడ్డు మీద ఆకు రాలినా ఒప్పుకోనని పొద్దున సిద్దప్ప మూడుసార్లు చెప్పాడు. దామోదర్ కూలీల వైపు చూశాడు. పొద్దుట చంద్రుడి గురించి అడిగినవాడు తలపాగా తీసి చేత్తో పట్టుకుని, నేల చూపులు చూస్తున్నాడు. ఇంకొకడు కళ్ళు తుడుచుకున్నాడు. వీళ్ళకు ఈ చెట్టు సంగతేదో తెలుసు, తనకు చెప్పడం లేదు, అనుకున్నాడు దామోదర్.

"అన్నా, నిజం సెప్పు. ఈ సెట్టు కాడ ఎవరన్నా సచ్చినారా?"

ఆ మాటకు సిద్దప్ప నిలువునా కదిలిపోయాడు. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కసాగాడు. దామోదర్‌కు ఇంకేమీ అడగాలనిపించలేదు. సగం కోసిన చెట్టును వదలడానికి లేదు, వదలకుండా ఉండడానికి ధైర్యం లేదు. పుస్తకం తీసి పదకొండు తనిఖీలూ మళ్ళీ చేశాడు. ఇలవేల్పుకు దండం పెట్టుకున్నాడు. డిప్పలు దించి, తాడు లాగమని కూలీలకు సైగ చేసి, వెనక కోత మొదలుపెట్టాడు.

వాణి ఆ సమయానికి షేర్ ఆటోలో ఇరుక్కుని ఉంది. పదిమంది ఎక్కితే గాని ఆటో కదలదు, తొమ్మిదిమందే ఎక్కారు. పదోవాడి చార్జీ తానే ఇస్తానని చెప్పి కదిలించింది. దోవలో ఆటోకు ఎదురుగా ముద్దుకృష్ణ మోపెడ్ మీద దండ వేలాడేసుకుని దూసుకుపోయాడు. ఎవరింటికో పాపం అనుకుని వాణి చెంపలేసుకుంది.

తోట దగ్గర దిగిన వాణికి ముందు కనిపించింది ఏడుస్తున్న సిద్దప్ప. తరువాత తలపాగాలు తీసేసిన కూలీలు. ఏ కాలు, ఎడమదా కుడిదా, అని అడగబోయింది. అప్పుడు మిషన్ చప్పుడు వినిపించింది. చింతచెట్టు వెనక దామోదర్ రెండు కాళ్ళ మీదా నిలబడి ఉన్నాడు. తిరిగే చైను అతని మోకాలికి జానెడు దూరంలో ఉంది.

పిలవడానికి లేదు, వినబడదు. వినబడినా పిలవకూడదు, తుళ్ళిపడతాడు. తాడు దాటకూడదు, తనవైపు చూస్తాడు. వాణి చీర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఆ మోకాలినే చూస్తూ, రెప్ప వేస్తే ఏమవుతుందోనని రెప్ప కూడా వేయకుండా నిలబడింది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆ మోకాలిని ఆమె అంతసేపు ఎప్పుడూ చూడలేదు. ఈ ఒక్క కోత దాటిస్తే చాలు, జీవితంలో ఇంకేమీ అడగనని శివుడికి చెప్పుకుంది.

చెట్టు కిర్రుమంది. దామోదర్ మిషన్ ఆపి, ముందే చూసిపెట్టుకున్న దారిలో వెనక్కు నడిచాడు. చింతచెట్టు షెడ్డును అంత దూరాన వదిలేసి, పక్కనున్న ఖాళీ చేలో పడింది. దుమ్ము లేచి సర్దుకుంది. ఇంత చక్కటి కోత దామోదర్ చేతుల మీదుగా ఎప్పుడూ జరగలేదు. మొద్దు దగ్గరికి తిరిగొచ్చి, మిషన్ కింద పెట్టి, పని అయిపోయింది కాబట్టి హెల్మెట్ తీసి పక్కన పెట్టాడు.

వాణి తాడు కింద దూరి పరుగెత్తుకొచ్చింది. సిద్దప్పా, కూలీలూ, షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళూ అందరూ చూస్తుండగా, ఫోన్‌లో మాటగా చెప్పడానికే సిగ్గుపడిన మనిషి, మొగుడి ముందు మోకాళ్ళ మీద కూలబడి అతని కాళ్ళను పై నుంచి కింది దాకా రెండు చేతులతో తడుముతూ ఏడ్చేసింది. దామోదర్ ఏమీ అర్థంకాక చేతులు గాలిలో పెట్టుకుని నిలబడ్డాడు.

అంతలో మోపెడ్ వచ్చి ఆగింది. దాని వెనక పూలమ్మ ఉంది. దండ పట్టుకుని ఇంటి ముందు నిలబడిన ముద్దుకృష్ణను చూడగానే ఆవిడ తన అల్లుడే పోయాడనుకుంది. పూలమ్మే పోయిందనుకుని వెళ్ళిన ముద్దుకృష్ణ, తలుపు తీసింది పూలమ్మేనని తెలిశాక ఇంకేమీ ఆలోచించలేని స్థితిలో ఆవిడను ఎక్కించుకుని వచ్చేశాడు. ఇప్పుడు ఇద్దరూ దామోదర్‌ను చూశారు. ముద్దుకృష్ణ చేతిలోని దండను ఏం చేయాలో తెలియక చెట్టు మొద్దు మీద వేశాడు.

సిద్దప్ప పూలమ్మను కింది నుంచి పై దాకా చూశాడు. "అమ్మా, మరి పోయిందెవరు?" అన్నాడు.

"ఎవురూ పోలేదన్నా" అంది వాణి లేచి నిలబడి. ఇక దాచడానికి ఆమెకు ఓపిక లేదు. మొగుడి వైపు తిరిగి, "మా అమ్మ నిన్న నీ ప్యాంటు కుట్లిప్పి, లోపలి పోగులన్నీ తీసి గుళ్ళో ఒత్తులు సేసిండాది. పొద్దున్నించీ నువ్వు ఉత్త గుడ్డతో కోస్తాండావు" అంది.

దామోదర్ వంగి తొడను నొక్కి చూసుకున్నాడు. అరచేతికి గుడ్డా, గుడ్డ కింద తన కాలూ తగిలాయి. మధ్యలో ఇంకేమీ లేదు. పొద్దుటి నుంచి తాను ఎక్కిన కొమ్మలూ, పెట్టిన గాట్లూ, మోకాలి పక్కన తిరిగిన చైనూ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అవునా అనబోయి, అనకుండానే కళ్ళు తేలేసి ముందుకు పడ్డాడు. నుదురు సరిగ్గా చెట్టు మొద్దు అంచుకు తగిలింది.

పుంగనూరులో డాక్టరు మూడు కుట్లు వేశాడు. కాళ్ళు రెండూ నిక్షేపంగా ఉన్నాయి కాబట్టి, దామోదర్ ఆసుపత్రి మెట్లు తానే ఎక్కి వెళ్ళాడు.