మూడు సిలిండర్ల సౌభాగ్యం

మీ కారు ఇంజన్ చప్పుడు లేకుండా సాఫీగా నడుస్తోందా? అయితే మీకు నా ప్రగాఢ సానుభూతి.

నా కారు మిస్సింగ్ కొట్టేది. ఉన్న నాలుగు సిలిండర్లలో ఒకటి మండాల్సిన సమయానికి మండేది కాదు. బండి ఎక్కిళ్లు పట్టిన పెళ్లికొడుకులా నిలబడ్డచోటే ఊగేది. వెనక నుంచి నీలం పొగ. పాత పెట్రోల్ కారు. కొన్ని నెలల్లో ఫిట్‌నెస్ పరీక్ష. అందులో తప్పితే తుక్కు కొట్టుకే.

ఇది కష్టమని మీరనుకుంటే మీకు మనస్తత్వ శాస్త్రం తెలియదన్నమాట!

నరసరావుపేటలో ఈ సందులో నేను ఒంటరిగా చాలా ఏళ్లుగా ఉంటున్నాను. అన్నేళ్లలో నన్ను ఎవరైనా అడిగిన ప్రశ్న ఒక్కటే: కుళాయి వచ్చిందా? కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది కాబట్టి ఆ పలకరింపు కూడా రోజు విడిచి రోజే. పండగలకు నేను గుమ్మంలో నిలబడితే జనం నవ్వి వెళ్లేవారు. నవ్వడం, వెళ్లడం, రెండూ ఒకేసారి చేసేవారు.

అలాంటిది, కారు ఎక్కిళ్లు మొదలుపెట్టిన ఉదయం పక్కింటి శివరామయ్య బాబాయి లుంగీ ఎగ్గట్టుకుని బయటికొచ్చారు. శావల్యాపురంలో పొలం కౌలుకిచ్చి పట్నంలో స్థిరపడ్డ మనిషి. ట్రాక్టర్ అమ్మేసినప్పటి నుంచి ఆయనకు ఇంజన్ చప్పుడు వినే యోగం లేదు. బానెట్ ఎత్తించారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి ఆనించి, కళ్లు మూసుకున్నారు.

మిత్రులారా, నా బీరువా నిండా మనసు గురించిన పుస్తకాలున్నాయి. ఎదుటివాడి మాటను తీర్పు చెప్పకుండా, మధ్యలో అడ్డురాకుండా ఎలా వినాలో వాటిలో అధ్యాయాలకు అధ్యాయాలు రాశారు. అలా వినడాన్ని నా కళ్లతో చూసింది మాత్రం అదే మొదటిసారి. ఆ చెవి ఒక కార్బన్ పట్టిన ఇనప ముద్దకు దక్కింది!

తర్వాత జక్కయ్య వచ్చాడు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు లారీ తోలతాడు. తర్వాత ఎదురింటి హజ్రా బీ, కుట్టుమిషన్ ఆపి మరీ వచ్చింది. చివరికి మెకానిక్ ఖలందర్. అతను ఒక్కో ప్లగ్గు వైరూ పీకి చూపించాడు. ఏ వైరు పీకితే ఇంజన్ ఇంకా కుంటుతుందో ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు. ఏ వైరు పీకితే ఇంజన్‌కు తేడా తెలియదో, చెడింది అదీ.

నేను ఆ సూత్రాన్ని కాసేపు సందుకు అన్వయించి ఆలోచించాను. ఒక్కో ఇల్లూ పీకుతూ వచ్చాను. నా ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఆలోచన ఆపేశాను. అనవసరం.

అసలు వైభోగం ఆయిల్‌తో మొదలైంది.

మా సందులో ఇళ్లు ఎత్తు, రోడ్డు పల్లం, మధ్యలో సైడు కాలవ. కాలవ మీద సిమెంటు ర్యాంపు. ముందు చక్రాలు ర్యాంపు మీద, వెనక చక్రాలు రోడ్డు మీద పెట్టి, కారును ఆకాశం చూసేలా నిలపడం మా ఆచారం. శివరామయ్య బాబాయి ఆయిల్ మట్టం చూసే పుల్ల లాగి, లుంగీ అంచుతో తుడిచి, మళ్లీ ముంచి తీసి ఎండకు పట్టి చూశారు. పుల్ల మొనకు మాత్రమే తడి.

"ఆయిల్ తాగేత్తందిరా అబ్బాయ్ నీ బండి," అన్నారు.

ఆయిల్ లేని బండిని చూస్తూ ఊరుకునే మనిషి పల్నాడులో పుట్టలేదు. బాబాయి ఇంట్లో మిగిలిన ట్రాక్టర్ ఆయిల్ తెచ్చి పోశారు. మర్నాడు జక్కయ్య పుల్ల లాగి చూసి, అయ్యో అని లారీ ఆయిల్ పోశాడు. హజ్రా బీ ఎవరూ చూడకుండా కుట్టుమిషన్ నూనె డబ్బా ఒంపింది. మిషన్ ఏదైనా మిషనే గదా అని ఆమె వాదన. ఖలందర్ వారానికోసారి పరామర్శకు వచ్చి తన వంతు పోసి వెళ్లేవాడు. ఎంత పోసినా పుల్ల మీద అదే తడి, సైలెన్సర్ లోంచి అదే పొగ. పొగ పెరిగేకొద్దీ జనం పెరిగారు.

ఇంతటి సౌభాగ్యాన్ని ఏ కొత్త కారు ఇవ్వగలదు? కొత్త కారు వాడికి సమస్య వస్తే డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలుగుతుంది. అది వాడికొక్కడికే కనిపిస్తుంది. ఏసీ వేసుకుని, అద్దాలెత్తుకుని, ఆ లైటుతో వాడొక్కడే బతకాలి. పాపం! అందుకే నా ప్రతిపాదన: ప్రతి ఒంటరి పౌరుడికీ ప్రభుత్వం ఒక మిస్సింగ్ బండి మంజూరు చేయాలి. డిప్రెషన్ స్వల్పమైతే ఒక సిలిండర్ కొట్టేయాలి. తీవ్రమైతే రెండు. మూడు పోయినవాడికి తోయడానికి మనుషులు వస్తారు. అంతకన్నా గొప్ప వైద్యం లేదు!

ఒకసారి, బానెట్ కింద అందరం తలలు దూర్చి ఉన్నప్పుడు, ఆ ఆత్మీయతకు కరిగిపోయి నోరు జారాను.

"ఈ మధ్య నాకసలు నిద్ర పట్టట్లేదు బాబాయ్. గుండెలో ఏదో దడగా ఉంటోంది."

శివరామయ్య బాబాయి స్క్రూడ్రైవర్ చెవి నుంచి తీయకుండానే దాని మొనను ఇంజన్ మీద ఇంకోచోటికి జరిపారు.

"మౌంటింగులు అరిగినయ్యేమో చూపిచ్చు," అన్నారు. "సీట్లో కూర్చున్నోడికి అట్టాగే ఉంటది."

జక్కయ్య కూడా అవునన్నాడు. నేను ఇంజన్ కింది రబ్బరు మౌంటింగులు మార్పించాను. దడ తగ్గలేదు. అయినా అడిగినందుకు ఒక జవాబు వచ్చింది. అది చిన్న విషయమా?

ఫిట్‌నెస్ గడువు దగ్గరపడింది. నా చిక్కు మీకు అర్థమవుతోందా? బాగుచేయించకపోతే కారు తుక్కుకు పోతుంది, దాంతో పాటే నా మనుషులూ పోతారు. బాగుచేయిస్తే కారు ఉంటుంది, మనుషులు రారు. ఇలాంటి సందిగ్ధానికి మనస్తత్వ శాస్త్రంలో పేరుంది, మందు లేదు. చివరికి ఊగుతూ, పొగ కక్కుతూ బండిని సత్తెనపల్లి రోడ్డులోని ఖలందర్ షెడ్డుకు తోలాను. సందులోని పెద్దలు ఆటోలో వెనక వచ్చారు.

షెడ్డు నేల చదును. అన్ని నెలల్లో నా కారు నాలుగు చక్రాలూ ఒకే ఎత్తులో నిలబడి ఉండగా ఆయిల్ పుల్ల లాగడం అదే మొదలు. పుల్ల పిడి దాకా మునిగి వచ్చింది.

ఖలందర్ కింద దూరి బోల్టు ఊడదీశాడు. టబ్బు నిండింది. బకెట్టు నిండింది. పక్క బిర్యానీ హోటల్ నుంచి పాత గిన్నె ఒకటి అరువు తెచ్చారు, అదీ నిండింది. ఉండాల్సిన దానికి రెండింతల పైన ఉంది. ర్యాంపు మీద ఉన్నప్పుడు ఆయిలంతా వెనక్కి జారి పుల్లకు అందేది కాదట. మేము పోసిందంతా లోపల పైకి చిమ్మి, ప్లగ్గులను తడిపి, పొగై పోయేదట. మొదట చెడింది ఒక్క ప్లగ్గే. ఆ తర్వాత వైద్యమే రోగం.

షెడ్డులో ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు.

"నేనొక్కసారే పోశా," అన్నాడు జక్కయ్య.

"నేనా? చారెడు నూనె," అంది హజ్రా బీ. "దాన్తో ఏమవుద్ది?"

"మీరంతా పోస్తన్నారని నాకేం తెలుసు," అన్నాడు ఖలందర్. "నేనూ పోశా సార్. తక్కువుంటే పొయ్యకుండా ఎట్టా పోతాను?"

శివరామయ్య బాబాయి గిన్నెలోకి వంగి, వేలు ముంచి వాసన చూశారు. "ఇందులో నాది మంచి ఆయిలు," అన్నారు.

నా బండిలో అంత ప్రేమ నిలవ ఉందని నాకు తెలియదు.

కొత్త ఆయిల్ కొలిచి పోశారు. ప్లగ్గులు మార్చారు. ఇంజన్ నాలుగు సిలిండర్ల మీద, పడుకున్న పిల్లిలా సన్నగా గుర్రుపెట్టింది. ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గింది. స్టిక్కర్ అంటించారు. సందులోకి తిరిగొచ్చి ర్యాంపు మీద పెడుతుంటే ఒక్క తలుపూ తెరుచుకోలేదు. చప్పుడు లేదు కదా మరి, ఎవరికి తెలుస్తుంది?

ఆ రోజు నుంచి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఉదయం, సాయంత్రం. బాబాయి స్కూటర్ మీద వెళ్తూ కారు వైపు ఒకసారి చూసి, మెచ్చుకోలుగా తలాడించి వెళ్లారు. జక్కయ్యకు డ్యూటీలు. ఒకరోజు తిక్క పుట్టి ఖాళీగా ఇంజన్ స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ తొక్కి పట్టుకున్నాను. అది నన్ను మోసం చేసింది. అంత నున్నగా మోగింది!

నిన్న హజ్రా బీ కరివేపాకు కోసుకోవడానికి మా గేటు తీసింది. వరండాలో నన్ను చూసి ఉలిక్కిపడింది.

"ఏందయ్యా, ఊళ్లోనే ఉన్నావా? బండి చప్పుడు రాకపోతే ఎటో పొయ్యావనుకున్నా."

ఇక్కడే ఉన్నాను బీ, అన్నాను. రోజూ ఇక్కడే కూర్చుంటున్నాను.

ఆమె కరివేపాకు కొంగులో వేసుకుంటూ నన్ను ఒకసారి, కారును రెండుసార్లు చూసింది.

"బండి బాగుందా?"

"బాగుంది."

"మరింకేంది నీకు," అని గేటు వేసి వెళ్లిపోయింది.