ఎప్పటికీ మనతోనే

ఆ ఉదయం పరిశోధకుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. వీధి తలుపు పక్కన కుర్చీ వేసుకోవాలి, వచ్చినవాళ్ళను ‘మీది ఏ వీధి?’ అని అడగాలి, రాసుకోవాలి. ఇందులో బుర్ర వాడే పనేమీ లేదు కాబట్టి మీకు బాగా కుదురుతుందని భార్య దీవించి మరీ ఆఫీసుకు వెళ్ళింది.

జనం నవ్వే నాయకుణ్ణి నమ్ముతారా, దిగులు ముఖం వాణ్ణి నమ్ముతారా అన్నది అతని పరిశోధన. లేని నాయకుణ్ణి ఒకణ్ణి పుట్టించి, పై వీధిలో నవ్వే పోస్టరు, కింది వీధిలో ఏడుపు పోస్టరు అంటించి, ఏ వీధి నుంచి ఎక్కువమంది వెతుక్కుంటూ వస్తారో చూడాలి. ఎలాగూ ఎన్నికలు దగ్గరపడ్డాయి. ముఖం కోసం ఎక్కడికీ వెళ్ళనక్కర్లేకపోయింది, ఇంట్లోనే మామగారు ఉన్నారు.

అత్తగారు పోయినప్పటి నుంచి ఆయన ఆ వెనకగదిలోనే ఉంటున్నారు. గడ్డం మాసిపోయింది, మాట పడిపోయినట్టే అయింది. ఏమడిగినా ‘ఊఁ’ తప్ప ఇంకో అక్షరం రాదు. కూతురు రోజూ గది గుమ్మంలో కూర్చుని ఏదో ఒకటి మాట్లాడించబోయి, కళ్ళు తుడుచుకుంటూ లేచి వచ్చేది. నాన్న ఇలాగే ఉంటే అమ్మ వెనకే పోతాడని ఆమె భయం. “మామయ్యా, మీ ఫోటో నా పరిశోధనకి వాడుకోనా?” అని అల్లుడు అడిగితే ఆయన “ఊఁ” అన్నారు. అల్లుడు దాన్ని అనుమతిగా రాసుకున్నాడు.

నవ్వే ఫోటో ఏదో పెళ్ళిలో తీసింది. రెండోది మొన్న తీసింది. సరిగ్గా దాన్ని అచ్చువేసే వేళకే ప్రింటింగ్ షాపులో రంగు అయిపోయింది. ఏడుపు ముఖానికి రంగెందుకులే అని నలుపు తెలుపుల్లోనే వేయించేశాడు. రెండింటి కిందా ఒకటే నినాదం: ‘మన మనిషి. మనసున్న మనిషి. ఎప్పటికీ మనతోనే.’ ఆ కింద ఇంటి చిరునామా. ఇది చదివి కింది వీధివాళ్ళు ఏమనుకుంటారో పసిపిల్లలను అడిగినా చెప్పేవారు. అతను పసిపిల్లవాడు కాదు, పరిశోధకుడు.

మొదట పై వీధి నుంచి బట్టలు కుట్టే ఆవిడ వచ్చింది. “నాయకుడు గారున్నారా? మా కుళాయి సంగతి చెప్పుకోవాలి,” అని హాల్లో బైఠాయించింది. వెనకే కింది వీధి నుంచి సెలూన్ నడిపే అతను తెల్లపూల కట్టతో వచ్చి, చెప్పులు బయటే విడిచాడు.

“ఎప్పుడు జరిగింది బాబూ?” అన్నాడు గొంతు తగ్గించి.

పోస్టర్ల సంగతేననుకున్నాడు పరిశోధకుడు. “నిన్న సాయంత్రమే అంతా పూర్తి చేసేశామండీ.”

“కొడుకులు లేరా?”

“లేరు. అన్నీ నా చేతులతోనే చేశాను.”

“ఈ రోజుల్లో ఇలాంటి అల్లుడు ఎవరికి దొరుకుతాడు నాయనా!” అంటూ అతను పరిశోధకుణ్ణి కావలించుకుని భోరుమన్నాడు.

ఆ ఏడుపు వినగానే బట్టలు కుట్టే ఆవిడ గుండె బాదుకుంది. “అయ్యో, నాయకుడు గారు పోయారా! కుళాయి వేయిస్తానని నా చేతిలో చెయ్యేసి చెప్పాడే మహానుభావుడు!” ఆవిడ ఆయన్ను జన్మలో చూడలేదు. ఆ మాటకొస్తే ఈలోగా రెండు వీధుల నుంచీ వచ్చి హాలు నిండా చేరినవాళ్ళలో ఎవరూ చూడలేదు. కానీ ‘మన మనిషి’ అని గోడ మీద అంత పెద్ద అక్షరాలతో ఉంటే, నాకు తెలియదని ఎవడంటాడు?

“నన్ను సొంత తమ్ముడిలా చూసుకునేవాడు,” అన్నాడు సెలూన్ అతను. “వస్తే షాపంతా వెలుగొచ్చేది. ఎదుటివాడి కష్టం అడక్కుండానే కనిపెట్టేవాడు.”

“ఆయన పోలేదండీ! లోపలే ఉన్నారు!” అని పరిశోధకుడు నెత్తీనోరూ కొట్టుకున్నాడు.

“పాపం, ఇంకా నమ్మకం కుదరడం లేదు,” అన్నారెవరో. ఇంకెవరో మంచినీళ్ళు తాగించారు.

సరిగ్గా అప్పుడు భార్య వచ్చింది. మీ ఇంటి ముందు జనం చేరారని ఎవరో ఫోన్ చేస్తే ఆఫీసు నుంచి పరుగున వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు, లోపల తెల్లపూలు, నలుగురూ పట్టుకుని మంచినీళ్ళు తాగిస్తున్న మొగుడు. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. “నాన్నా!” అని ఒక్క కేక పెట్టి అక్కడే కూలబడిపోయింది. పరిశోధకుడికి చచ్చిపోవాలనిపించింది.

వెనకగది తలుపు తెరుచుకుంది.

“ఎందుకమ్మా ఏడుస్తావ్? నేనున్నాగా,” అన్నారు మామగారు.

అన్నాళ్ళకు ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. కూతురు ఆయన కాళ్ళు చుట్టేసుకుని ఇంకా పెద్దగా ఏడ్చింది. జనానికి మాత్రం ఒళ్ళు మండిపోయింది.

“బతికే ఉన్నాడా! మరి ఆ పోస్టరేంటి?”

“అది ఎన్నికల మీద...” అని నసిగాడు పరిశోధకుడు.

“ఓట్ల కోసం చావడానిక్కూడా తెగించారన్నమాట!” అంది బట్టలు కుట్టే ఆవిడ. “పదండి, పదండి.” సెలూన్ అతను పూలు కూడా ఏరుకుని మరీ వెళ్ళాడు. నవ్వు ముఖమైనా ఏడుపు ముఖమైనా, మనిషి బతికున్నాడని తేలితే చాలు, ఓటు పోతుందని పరిశోధనలో తేలింది. ఆ మాట కాగితం మీద పెట్టే ధైర్యం అతనికి లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే మామగారు చొక్కా వేసుకుని బయల్దేరారు. అల్లుడు వెనకే వెళ్ళాడు. కింది వీధిలో ఒక్కో తలుపూ మూసుకుంటుంటే ఆయన నడుచుకుంటూ వెళ్ళి సెలూన్‌లో కూర్చున్నారు.

“గడ్డం చేస్తాను, ఓటు మాత్రం అడక్కండి,” అన్నాడు సెలూన్ అతను.

“ఓటుకి రాలేదయ్యా. నిన్న నా గురించి ఏదో చెప్పావు చూడు, వెలుగొచ్చేదనీ, కష్టం కనిపెట్టేవాణ్ణనీ. తలుపు వెనక నుంచి సరిగ్గా వినపడలేదు. మా ఆవిడ పోయాక నా గురించి మంచిమాట అన్నవాళ్ళు లేరు. ఇంకొక్కసారి చెప్తావా?”

సెలూన్ అతను కత్తి పక్కన పెట్టాడు. అద్దంలో ఆయన ముఖం కేసి చూస్తూ చాలాసేపు నిజాయితీగానే ప్రయత్నించాడు.

“బతికున్నవాళ్ళ గురించి అలాంటివి నోటికి రావండీ,” అన్నాడు.