పసుపు పూసిన గుంజలు

ఆ ఉదయం అమూల్యకు అప్పజెప్పిన పని చిన్నదే. నాయనమ్మ సమ్మవ్వ మంచిదన్న గుంజకల్లా గుర్తు పెట్టాలి. పాత పశువుల కొట్టం, దాని చుట్టూ ఉన్న దడి విప్పగా వచ్చిన గుంజలు వాకిట్లో కుప్పగా పడి ఉన్నాయి. చేన్లో మక్కజొన్న కంకులు పాలు పోసుకుంటున్నాయి. మొన్ననే అడవిపందులు పక్క చేనును పొర్లి పొర్లి నేలమట్టం చేశాయి. పొద్దుగూకేలోగా కంచె లేవకపోతే ఏడాది కష్టమంతా వాటి కడుపులోకే.

సమ్మవ్వ ఒక్కో గుంజనూ గొడ్డలి మడమతో కొట్టి, చెవి పెట్టి వింటోంది. బోలుగా మూలిగినదాన్ని పక్కకు తన్నింది. ఒకటి ఖంగుమంది.

"గిది మీ తాత పాతిన నల్లమద్ది. నలభై ఏండ్లు మన్నుల ఉన్నది, చెద ముట్టలే. చేవంటే గిట్లుండాలె."

అమూల్య కూడా చెవి ఆనించింది. తను చూడని తాత చేత్తో దింపిన కర్ర, ఆయన పోయాక కూడా నిలబడ్డ కర్ర, లోపల ఇత్తడి బిందెలా మోగుతోంది.

నల్లటి కర్ర మీద సుద్దముక్క ఆనలేదు. అమూల్య వంటింట్లోంచి పసుపు తడిపి తెచ్చి, మంచి గుంజకల్లా పట్టీ పూసింది. తాత గుంజను గేటుకు ఆనించి, సమ్మవ్వ కొలతలు చూడటానికి చేనుకు వెళ్ళింది.

పక్కింటి సీతాబాయి గేటు దగ్గర ఆగిపోయింది. ఇంటిముందు పసుపు పూసిన గుంజ. ఆ ఇంట్లో పెండ్లి కావలసిన మనిషి ఒక్కడే, అమూల్య చిన్నాయన సంపత్. వయసు ముప్పై ఆరు.

"సంపత్‌కు కుదిరిందా బిడ్డా?"

ఎవరైనా ఎదురుగా నిలబడి అడిగితే అమూల్యకు గొంతు పెగలదు. తల దించుకుంది.

"చెప్పొద్దన్నరా? సరే తియ్, నేనెవ్వలకు చెప్ప."

ఆ వాడలో పెండ్లి పందిరి వేయడానికి పిలుపులుండవు. పసుపు గుంజ కనబడితే ఇంటికొకరు గడ్డపారతో రావాలి. గంటలోపు పదిహేడు గడ్డపారలు వచ్చాయి. వాడలో పెద్దవాడు సాంబయ్య ట్రాక్టర్ నిండా మామిడి కొమ్మలు తెచ్చాడు.

మెట్‌పల్లి నుంచి ముళ్ళతీగ తెచ్చిన సంపత్ బండి దిగీ దిగకముందే ఆడవాళ్ళు అతని చెంపలకు పసుపు రాశారు. అతను జనాన్నంతా చూసి, అమూల్యను పక్కకు పిలిచాడు.

"పిల్ల ఎవరే?"

ఆ గొంతులో అనుమానం కన్నా ఆశే ఎక్కువ. అమూల్య పసుపు అంటిన వేళ్ళను వీపు వెనక్కి దాచుకుంది.

సమ్మవ్వ తిరిగొచ్చేసరికి వాకిట్లో రెండు గుంతలు పడ్డాయి. ఆమె గడ్డపారలను చూసింది, కొడుకు చెంపలను చూసింది, మనవరాలి వేళ్ళ పసుపును చూసింది.

"పందిరి గీడ గాదు. మక్కచేన్ల."

సమ్మవ్వకు ఎదురు చెప్పే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. పొద్దు వాలేసరికి చేను చుట్టూ నలభై రెండు గుంజలు, పసుపు పట్టీలతో, మామిడాకులతో, బిగించిన తీగతో నిలబడ్డాయి. మూలన తాత గుంజ. ఎండ ఏటవాలుగా తగిలి పట్టీలన్నీ ఒక్కసారి వెలిగాయి.

ఇంత పెద్ద పందిరి తన జన్మలో చూడలేదని సాంబయ్య చెమట తుడుచుకున్నాడు. పైన ఎప్పుడు కప్పాలని అడిగాడు. సమ్మవ్వ ఇక నువ్వే చెప్పమన్నట్టు మనవరాలి వైపు చూసింది.

"పెండ్లి లేదు తాతా," అంది అమూల్య. "గివి పందులు రాకుండ."

సంపత్ మెల్లగా చెంపలు తుడుచుకోబోయాడు. సీతాబాయి అతని చెయ్యి పట్టుకుని ఆపింది. పసుపు గుంజ పాతాక పెండ్లి కాకుండా ఉండరాదని, ఆ పని ఇక వాడ మొత్తానిదని తేల్చేసింది.

ఆ వారం పందులు రాలేదు. సంబంధాలు మూడు వచ్చాయి.