ఇరవయ్యో ఆరోగ్యవంతురాలు

పదకొండింటికి సన్మానం కాబట్టి తొమ్మిదిన్నరకల్లా ఇంట్లోంచి బయటపడాలని డాక్టరుగారి పథకం. ఒంటి రక్షణ వ్యవస్థ దారి తప్పి సొంత ఒంటినే శత్రువనుకుని పీక్కుతినే జబ్బులున్నాయే, వాటిలో కీళ్ళను పట్టే రకం మీద ఆయన పరిశోధన. తొమ్మిదేళ్ళ కిందట రాసిన ఒక వ్యాసాన్ని మిగతా పరిశోధకులు తమ వ్యాసాల్లో పేర్కొన్న లెక్క, అదే సైటేషన్లు, మొన్ననే మూడు వందలు దాటింది. పొద్దున్నే మొహం కడుక్కోకముందే ఆయన చూసుకునేది ఆ లెక్కనే. సన్మానం సజావుగా జరిగితే విభాగాధిపతి కుర్చీ ఆయనదేనని డైరెక్టరు చూచాయగా చెప్పాడు కూడా.

బయల్దేరేసరికి అత్తగారి వల్ల ఆలస్యమైంది. చెప్పు పట్టీ పెట్టుకోలేక ఆవిడ గుమ్మం దగ్గరే పావుగంట కూర్చున్నారు. పదింటిదాకా ఈ వేళ్ళు మాట వినవని కూతురితో అన్నారు. అల్లుడుగారికి ఆ మాట చెవినపడలేదు, అద్దం ముందు ఉపన్యాసం వల్లె వేస్తున్నారు మరి. చివరికి భార్యే వంగి పట్టీ బిగించింది. దారంతా ఆయన గడియారం చూసుకుని గొణుగుతూనే ఉన్నారు.

హాలు నిండా కీళ్ళ డాక్టర్లే, నూటయాభై మంది. జబ్బు లేని ఇరవై మంది రక్తం పరీక్షిస్తే ఒకరిలో జబ్బు గుర్తు కనిపించిందనీ, కాబట్టి ఆ పరీక్షను గుడ్డిగా నమ్మకూడదని తేల్చాననీ డాక్టరుగారు చెప్పారు. అక్కడితో దిగిపోతే ఏ గొడవా లేదు. చప్పట్లు వినేసరికి నోరు ఊరుకోలేదు. అప్పట్లో గడువు ముంచుకొస్తుంటే ఇరవయ్యో మనిషి దొరక్క అత్తగారి రక్తమే తీసుకున్నాననీ, గుర్తు దొరికింది ఆవిడలోనేననీ, గుండ్రాయిలాంటి ఆ మనిషి ముందు వరుసలోనే ఉన్నారనీ చెప్పేశారు.

హాలంతా ఘొల్లుమంది. డైరెక్టరుకి హుషారొచ్చి, జ్ఞాపిక ఆవిడ చేతుల మీదుగానే ఇప్పిద్దామన్నాడు. ఆవిడ వద్దు వద్దంటున్నా వేదికెక్కించి, అంత బరువు ఇత్తడి జ్ఞాపికనూ చేతుల్లో పెట్టాడు. పదకొండు దాటినా ఆ బరువుకి వేళ్ళు ముడుచుకోలేదు. అది జారి సరిగ్గా డైరెక్టరు పాదం మీద పడింది.

డైరెక్టరు ఒంటికాలి మీద గెంతుతున్నా ఎవరూ అటు చూడలేదు. నూటయాభై మంది కీళ్ళ డాక్టర్లూ ఆవిడ వేళ్ళ మొదళ్ళలో వాపు చూస్తున్నారు. జ్ఞాపిక తీయడానికి వంగిన జూనియర్ డాక్టరమ్మ అలవాటుకొద్దీ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"పొద్దున్నే బిగుసుకుపోతాయా అమ్మా? ఎన్నాళ్ళనుంచి?"

"పదకొండేళ్ళయిందమ్మా."

మైకు పక్కనే ఉంది. పదకొండులోంచి తొమ్మిది తీసేయడం హాల్లో అందరికీ వచ్చు. ఆరోగ్యవంతుల చేత పద్నాలుగు ప్రశ్నల ఫారం నింపించాలి కదా, నింపించలేదా అని డైరెక్టరు పాదం పట్టుకునే అడిగాడు. ఆవిణ్ణి అడగలేదనీ, కాఫీ తాగుతూ అన్నిటికీ 'లేదు' అని తనే టిక్కులు పెట్టేశాననీ డాక్టరుగారు అందరి ముందూ ఒప్పుకోవలసి వచ్చింది. పరీక్ష నిజమే చెప్పింది. దాన్ని నమ్మొద్దని ఊరంతా చాటింది ఈయన.

"ఒక్క మాట చెప్పొచ్చు కదత్తయ్యా," అన్నారు డాక్టరుగారు.

"ఆరోగ్యంగా ఉన్న మనిషి కావాలన్నారు కదా బాబూ. నొప్పులున్నాయంటే మీ పని ఆగిపోతుందని ఊరుకున్నా."

డాక్టరుగారికి తల కొట్టేసినట్టయింది. పరువు పోయినందుకు కాదు. ముక్కూ మొహం తెలియని మూడు వందలమందిని రోజూ లెక్కపెట్టుకున్న మనిషి, తన ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఎదురుగా కూర్చుని తినే చేతుల్ని ఒక్కసారీ చూడలేదు. ఆ మధ్యాహ్నమే వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నానని పత్రికకు రాసేశారు. కుర్చీ మాట, కాలికి కట్టుతో ఉన్న డైరెక్టరు మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున సైటేషన్ల లెక్క చూడకుండానే ఆయన అదే ఫారం పట్టుకుని అత్తగారి ఎదుట కూర్చున్నారు. ఈసారి అన్నీ అడిగి, చెప్పింది చెప్పినట్టు రాయాలని నిశ్చయం. తలెత్తలేకపోయినా మొదటి ప్రశ్న చదివారు.

ఆవిడ గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో వేళ్ళు ముంచుకుంటూ, "మీరే రాసేసుకోండి బాబూ, మీకు అలవాటేగా," అన్నారు.