పెంచలయ్య గుడ్‌విల్

ఆ రోజు ఫ్లోరా వేసుకున్న టైంటేబుల్‌లో పెంచలయ్య చావు పొద్దున ఆరున్నరకి ఉంది. ఏడున్నరకల్లా అతని వాటా తేల్చేసి, ఇడ్లీ తిని, తలుపేసుకుని మోడల్ పరీక్షకి కూర్చోవాలి.

కంగారు పడకండి. ఫ్లోరా చీమకి కూడా హాని చెయ్యని పిల్ల. సి.ఏ. ఫౌండేషన్ పరీక్షకి చదువుతోంది, అంతే. కిందటిసారి అకౌంట్స్‌లో నాలుగు మార్కులు తక్కువై బోల్తా పడింది. వాళ్ళ నాన్న జడ్సన్‌కి అల్లూరు పక్కన రొయ్యల చెరువుంది. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. "ఈసారి కూడా కాకపోతే బజార్లో మేత కొట్లో కూచుందువులే మా, మనిషి కావాలంటుండారు" అన్నాడు మెత్తగా. తిట్టినా బాగుండేదని ఫ్లోరా రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. సెప్టెంబరు పరీక్ష ఇంకా మూడు వారాలే ఉంది.

ఆమెకి కొరకరాని కొయ్య ఒక్కటే పాఠం. ముగ్గురు కలిసి వ్యాపారం చేస్తుంటారు, మధ్యలో ఒకడు పోతాడు, అతని ఇంటివాళ్ళకి ఎంత ఇవ్వాలో తేల్చాలి. ఎన్నిసార్లు చేసినా పుస్తకం వెనక ఉన్న జవాబు కంటే పన్నెండు వేలు తక్కువే వచ్చేది. ఎ, బి, సి అని చదివితే బుర్రకెక్కదనీ, తెలిసినవాళ్ళ పేర్లు పెట్టుకుని పైకి చదవమనీ ఆన్‌లైన్ క్లాసు సారు చెప్పాడు. ఫ్లోరాకి తెలిసిన భాగస్తులంటే చెరువు భాగస్తులే: నాన్న, ముత్యాలయ్య పెదనాన్న, పెంచలయ్య బాబాయి. ముగ్గురిలో ఎవరిని చంపాలి? కన్నతండ్రిని చంపడానికి చేతులు రాలేదు. ముత్యాలయ్యకి అసలే బీపీ. పెంచలయ్య అయితే దుక్కలా ఉంటాడు, తట్టుకుంటాడు.

వరండాలో కూర్చుని గొంతెత్తింది. "పెంచలయ్య చనిపోయాడు అనుకుందాం."

సరిగ్గా 'అనుకుందాం' దగ్గర వంటింట్లో అమ్మ మిక్సీ వేసింది. పాల క్యానుతో గేటు తీస్తున్న మస్తానమ్మకి ముందు ముక్క వినబడింది, వెనక ముక్క మిక్సీలో కలిసిపోయింది.

"ఏంది మే! పెంచలయ్యా?"

"అవునత్తా, పోయినాడు" అంది ఫ్లోరా పుస్తకంలోంచి తలెత్తకుండా.

"ఎప్పుడు మే?"

"ఇప్పుడే. వనజాక్షి పిన్నికి ఎంతియ్యాల్నో తేలక చస్తుండా."

మస్తానమ్మ పాలు గిన్నెలో సగం, గట్టు మీద సగం పోసి పరిగెత్తింది. ఫ్లోరాకి లెక్క మళ్ళీ పన్నెండు వేలు తక్కువొచ్చింది. ఒళ్ళు మండి, ఇడ్లీ కూడా మానేసి, చెవుల్లో దూది కుక్కుకుని మోడల్ పరీక్షకి కూర్చుంది. అమ్మ అంగన్‌వాడీకి వెళ్ళిపోయింది.

మస్తానమ్మ పాలు పోసేది పద్దెనిమిది ఇళ్ళకి. మొదటి ఇంట్లో పెంచలయ్య ఊరికే పోయాడు. అయిదో ఇంటికి గుండెపోటు వచ్చింది. పదో ఇంటికి చెరువు గట్టు మీద ఒరిగిపోయాడు. పద్దెనిమిదో ఇంటికి చేరేసరికి ఆఖరి మాట కూడా తయారైంది: "వనజాక్షిని చూసుకోండి."

కబురు చెరువుకి చేరింది. జడ్సన్ మోకాళ్ళ దాకా బురదతోనే పదకొండుసార్లు ఫోన్ చేశాడు. పెంచలయ్య ఫోను అతని ఇంట్లో దిండు కింద, మోగకుండా, చార్జింగులో ఉంది. ఎత్తకపోయేసరికి ఇంక అనుమానమే లేకుండా పోయింది. పెంచలయ్య భార్య వనజాక్షికి చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. "నువ్వు చెప్పన్నా" అంటే "నువ్వు చెప్పన్నా" అనుకుంటూ, కబురు పుట్టిన ఇల్లే కదా అని అందరూ జడ్సన్ ఇంటి ముందు చేరారు. షామియానా కొట్టతను అడక్కుండానే ముప్పై కుర్చీలు దించాడు. రెండిళ్ళ అవతల ఉండే వనజాక్షి ఆ కుర్చీలు చూసి తనే నడిచొచ్చింది. జనమంతా లేచి నిలబడ్డారు.

"ఏందన్నా ఇంతమంది?"

జడ్సన్ భుజం మీది తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. "నీకు అండగా వచ్చినాం తల్లీ. పెంచలయ్య..."

"ఓ, ఆయన సంగతా! మీకెవురు చెప్పినారు? ఎవురికీ చెప్పబాకన్నాడే! పొద్దున్నే బుచ్చిరెడ్డిపాలెం పోయినాడు. ఒక్క నిమిషంలో అయిపోద్దంట, నొప్పి కూడా తెలవదంట."

"నిజమే తల్లీ. ఇంక నొప్పే ఉండదు" అని జడ్సన్ కళ్ళు మూసుకుని ప్రార్థన ఎత్తుకున్నాడు. మస్తానమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పన్ను పీకించుకోవడానికి పోయిన మనిషి కోసం ఊరు ఇంత ఇదవుతుందని వనజాక్షి కలలో కూడా అనుకోలేదు. ఆమెకి కడుపు నిండిపోయింది. వచ్చినవాళ్ళని ఉత్త నోటితో ఎట్టా పంపేదని తనే జడ్సన్ వాళ్ళ వంటింట్లోకి వెళ్ళి కాఫీ పొయ్యి మీద పెట్టింది.

"పాపం, పిచ్చిది, ఇంకా తెలవలా" అన్నారు బయట.

దూదిని దాటి కూడా గోల వినబడేసరికి ఫ్లోరా విసురుగా తలుపు తీసింది. కుర్చీలు, పూలదండ, ముక్కు చీదుతున్న ముత్యాలయ్య! "ఎవరు పెదనాన్నా?" అంటే "మన పెంచలయ్యే" అన్నాడు. ఫ్లోరా గడప మీదే కూలబడింది. పొద్దున తను చంపిన మనిషి నిజంగా పోయాడు! తన నోరు పడిపోను, ముత్యాలయ్యని పెట్టుకున్నా పోయేది! కాదు కాదు, ఎ, బి, సి ఏం పాపం చేశారు! పిల్లప్పుడు భుజాన ఎక్కించుకుని తీర్థానికి తిప్పిన బాబాయి. వెక్కి వెక్కి ఏడ్చింది.

ముత్యాలయ్య పక్కన కూర్చున్నాడు. "ఏడుపు తర్వాత అమ్మాయ్. వనజాక్షికి పైసా తక్కువ పోగూడదు. పోయినోడి వాటా ఎట్టా కడతారో నీ పుస్తకంలో ఉండాదంట గదా, తియ్."

ఫ్లోరా కళ్ళు తుడుచుకుంటూ పొద్దుటి లెక్కే చూపించింది. అంకెలు పుస్తకానివి, పేర్లు ఊరివి. "ఇది పెట్టుబడి. ఇది పాత లాభాల్లో వాటా. ఇది గుడ్‌విల్, అంటే మంచిపేరుకి కట్టే వెల, నలభై వేలు."

ముత్యాలయ్య వేలు మడిచాడు. "మరి ఏప్రిల్ నించి వాడు గట్టు మీద కాపలా పడుకోలా? నిన్న సాయంత్రం మేత చల్లింది ఎవురు? పోయిన నాటి దాకా వచ్చిన లాభం యాడ రాసినావు?"

ఫ్లోరా ఏడుపు ఆగిపోయింది. పుస్తకం ఆ మాట చెప్పనే చెప్పింది, తనే ప్రతిసారీ దాటేసింది. నాలుగు నెలల లాభం, అందులో వాటా... పన్నెండు వేలు! వెనక పేజీ తిప్పి చూసింది.

"కలిసింది! లెక్క కలిసింది!" అని ఎగిరి గంతేసింది.

చావు దగ్గర గంతులేసే పిల్లని చూసి అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి. "ఫ్లోరా!" అని జడ్సన్ గద్దించాడు. అప్పుడే గుంపు వెనక నుంచి ఒక లావాటి వేలు వచ్చి, నోట్‌బుక్‌లో గుడ్‌విల్ అని రాసిన చోట ఆనింది.

ఎడమ బుగ్గ బూరెలా ఉబ్బింది, పెదవుల మధ్య దూది కనబడుతోంది. తక్కింది మొత్తం పెంచలయ్యే. మస్తానమ్మ కెవ్వున అరిచింది. ముత్యాలయ్యకి అర్జెంటుగా కుర్చీ కావాల్సి వచ్చింది, అదృష్టం కొద్దీ ముప్పై ఉన్నాయి. డాక్టరు గంటసేపు నోరు తెరవొద్దన్నాడు కాబట్టి పెంచలయ్య ఏమీ అనలేదు. ఫ్లోరా చేతిలో పెన్ను లాక్కుని పుస్తకంలో రాశాడు: "నా పేరుకి నలభై వేలేనా?"

ఫ్లోరా ఏడుస్తూ నవ్వుతూ ఆయన చెయ్యి పట్టుకుంది. "అవి పుస్తకంలో అంకెలు బాబాయ్!" ఆయన వినిపించుకోలేదు, రాసిన మాట కింద రెండు గీతలు గీశాడు.

వనజాక్షి కాఫీ గ్లాసులతో బయటికొచ్చింది. "వచ్చినావా! ఒక్క పన్నుకి ఊరంతా కదిలొచ్చింది చూడు. నువ్వేమో నలుగురూ నవ్వుతారని దాచిపెడితివి."

సెప్టెంబరు పరీక్షలో భాగస్తుడు మళ్ళీ పోయాడు. ఫ్లోరా అన్నిటికంటే ముందు, పోయిన నాటి దాకా వచ్చిన లాభం రాసింది. ఫలితాలొచ్చిన రోజు జడ్సన్ మేత కొట్టుకెళ్ళి ఇంకో మనిషిని చూసుకోమని చెప్పి, తిరిగొస్తూ రెండు కిలోల మైసూరుపాకు తెచ్చాడు. మొదటి ముక్క పెంచలయ్య నోట్లో పెట్టింది ఫ్లోరా.

ఆయన కుడివైపు నములుతూ, గుడ్‌విల్ సవరించేదాకా తాను చచ్చే ప్రసక్తే లేదని అందరి ముందూ ప్రకటించాడు.