టీవీలో ఇంకా ఆడుతున్నారు

ఆ ఉదయం గురి వేసుకున్న ప్లానులో వంక పెట్టడానికి ఏమీ లేదు. మేడ మీద గదిలో అతని జట్టు మ్యాచ్ ఆడుతుంది. కింద హాల్లో పరుపుల ఫ్యాక్టరీ యజమాని సోఫాలో కూర్చుని ఆ మ్యాచ్‌ను టీవీలో చూస్తాడు. ఆయనకు నచ్చితే జట్టు చొక్కాల మీద పరుపుల పేరు వేయించి ఏడాది పొడుగునా పోషిస్తాడు. నచ్చకపోతే ఐదుగురు ఆటగాళ్ళూ తలో దారీ పట్టాల్సిందే. పెద్ద జట్లవాళ్ళు అప్పుడే వాళ్ళను విడివిడిగా పిలవడం మొదలుపెట్టారు. ఎలాగో వెతికి ఏరి, ఒక్క ఇంట్లో పెట్టుకుని తయారుచేసుకున్న ఐదుగురు. వాళ్ళను విడదీయడమంటే గురికి చేతి వేళ్ళు పంచిపెట్టినట్టే.

గురి అన్నది అసలు పేరు కాదు. కంప్యూటర్ ఆటల పోటీల్లో అతని తుపాకీ గురి తప్పేది కాదని అభిమానులు పెట్టిన పేరు. వేళ్ళు కాస్త నెమ్మదించాయని తనకే తెలిసిన రోజున, ఇంకెవరూ అనకముందే లేచి, తన కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టి తాను యజమాని అయ్యాడు. అతను యజమాని అయ్యాడు గానీ వేళ్ళు అవలేదు. ఆటగాళ్ళ వెనక నిలబడి, కుర్చీ వీపుల మీద టకటకా లేని మీటలు నొక్కుతూనే ఉండేవాడు. ఆ చప్పుడు భరించలేక కోచ్ ఆ ఉదయం గుమ్మంలో అడ్డంగా నిలబడి, మ్యాచ్ అయ్యేదాకా మేడ ఎక్కొద్దని చెప్పేశాడు. జీతం తీసుకునేవాడు జీతం ఇచ్చేవాడికి ఇలా చెప్పవచ్చునా అని గురి మెట్లు దిగుతూ ఆలోచించాడు. దిగుతున్నాడు కాబట్టి చెప్పవచ్చుననే తేలింది.

ఇక్కడ ఒక సంగతి ఉంది. ఇలాంటి పోటీలు టీవీలో కొన్ని నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అవతలి జట్టువాళ్ళు ఓ కన్ను టీవీ మీద వేసి, ఇవతలివాళ్ళు ఏ గోడ వెనక నక్కారో కనిపెట్టకుండా పెట్టిన నియమం అది. గురికి ఆ నియమం కంఠతా వచ్చు. కానీ ఇన్నేళ్ళలో అతను తన మ్యాచ్‌కు టీవీ ఇవతల కూర్చున్నది లేదు. అందుచేత ఆ సంగతి అతిథికి చెప్పాలని తోచనే లేదు.

పరుపులాయన వేళకే వచ్చాడు. కూర్చునే ముందు సోఫాను పిడికిలితో రెండు చోట్ల నొక్కి చూసి, ఏమీ అనకుండా కూర్చున్నాడు. గురి తల్లి పక్క కుర్చీలో చేతులు జోడించుకుని ఉంది. కొడుకు కీబోర్డు ముందు కూర్చున్న నాటి నుంచీ ప్రతి మ్యాచ్‌కూ ఆవిడ అలాగే కూర్చుంటుంది. ఆటేమిటో ఆవిడకు తెలియదు. తెలియాల్సిన వాడికి తెలుసునని ఆవిడ ధైర్యం.

ఆట మొదలైంది. ఒక జట్టు గిడ్డంగిని కాపాడాలి, రెండోది పట్టుకోవాలి. ఎక్కువసార్లు నెగ్గినవాళ్ళది మ్యాచ్. టీవీలో గురి జట్టు గిడ్డంగిని పట్టుకుంది. పరుపులాయన మర్యాదకు చప్పట్లు కొట్టాడు. సరిగ్గా అప్పుడే మేడ మీద నుంచి ఐదు గొంతుల నిట్టూర్పు వినిపించింది. మెట్ల దగ్గర చెవి పెట్టుకుని నిలబడ్డ గురి, మొహం వేలాడేసుకుని వచ్చి కూర్చున్నాడు.

గెలుస్తూంటే అలా ఉన్నాడేమని పరుపులాయన తల్లిని అడిగాడు.

"చిన్నప్పటి నుంచీ అంతేనండి. సంతోషం వస్తే బయటపడడు."

కాసేపటికి మేడ మీద ఈలలు, బల్లల మీద దరువులు. గురి ఎగిరి గంతేసి, పరుపులాయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. టీవీలో అతని ఆటగాళ్ళు ఐదుగురూ గిడ్డంగి గుమ్మంలో చచ్చి పడి ఉన్నారు.

"మరి ఇదేమిటమ్మా?" అన్నాడు పరుపులాయన చెయ్యి వెనక్కి తీసుకుంటూ.

ఆవిడ ఈసారి కళ్ళు మూసుకుని దణ్ణంలో పడిపోయింది. పరుపులాయన సోఫాలో కాస్త పక్కకు జరిగాడు. సొంత జట్టు ఓడితే గంతులేసే యజమాని అవతలి జట్టు మీద పందెం కాసి ఉండాలి. ఇంకే కారణమూ ఆయన బుర్రకు అందలేదు. ఆయన చూపు చూశాక గురికి అసలు విషయం వెలిగింది. వెలిగినవాడు ఊరుకుంటే బాగుండేది.

"సార్, మీరు చూస్తున్నది ఎప్పుడో అయిపోయిందండి. ఈ ఆటలో ఏమవుతుందో నాకు ముందే తెలుసు."

"ముందే తెలుసా?"

"తెలుసండి. అక్కడ అయిపోయాకే కదా ఇక్కడికొచ్చేది."

పరుపులాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పందెం దాకానే అనుకున్నాడాయన. ముందుగా మాట్లాడుకుని ఆడే ఆటని ఇంటి యజమానే నోరారా చెబుతాడని అనుకోలేదు. ఆలస్యం సంగతి, నియమం సంగతి గురి గుక్కతిప్పుకోకుండా వివరించాడు. అనుమానపడ్డవాడికి వివరణ ఎంత పొడుగైతే అనుమానం అంత పొడుగైంది.

దాంతో గురి పద్ధతి మార్చాడు. మేడ మీద ఏమైనా కానీ, తాను మాత్రం టీవీని చూసే ఏడవాలి, టీవీని చూసే నవ్వాలి. పైన కేరింతలు వినబడుతున్నా, టీవీలో జట్టు ఓడుతోంది కాబట్టి పళ్ళు బిగపట్టి దిగులు నటించాడు. ఆ దిగులు ముదిరి కంట నీరు తిరిగే సమయానికి టీవీలో ఆట ఆగి తలనూనె ప్రకటన వచ్చింది. దాన్ని చూసి కళ్ళొత్తుకుంటున్న గురిని పరుపులాయన చాలా జాగ్రత్తగా గమనించాడు.

ఆట చివరికొచ్చింది. రెండు జట్లూ సమానం. ఆఖరి పోరు ఎవరిదైతే మ్యాచ్ వాళ్ళది. మేడ మీద చడీచప్పుడూ లేదు. తర్వాత మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పోరు అయిపోయింది, కిందకు వెళ్ళి పెద్దాయనకు నమస్కారం పెట్టండని కోచ్ పంపించాడు. హెడ్‌ఫోన్లు నొక్కి జుట్టు అణిగిపోయిన ఐదుగురు వరసగా వచ్చి నిలబడ్డారు. ముందున్నది కెప్టెన్, మిగతా నలుగురూ అక్కా అని పిలిచే పొడుగాటి అమ్మాయి. వెనక టీవీలో, తెర అడుగున చిన్న గళ్ళల్లో, అవే మొహాలు, అవే చొక్కాలు. ఆఖరి పోరు అక్కడ అప్పుడే మొదలవుతోంది.

పరుపులాయన వాళ్ళను చూశాడు. టీవీని చూశాడు.

"అక్కడ ఆడుతున్నదెవరు?"

"మేమేనండి," అంది కెప్టెన్.

"ఇక్కడున్నది?"

"మేమేనండి."

ఆయన లేచి చేతిసంచీ అందుకున్నాడు. ఐదుగురి మొహాలూ చూస్తే గెలిచారో ఓడారో అడగనవసరం లేదు. తల్లి కళ్ళు తెరిచి, అయిపోయిందా అని కొడుకును మెల్లగా అడిగింది. పైన అయిపోయిందన్నాడు.

"మరి నేను దేనికి దణ్ణం పెడుతున్నట్టురా?"

ఆవిడే సమాధానం వెతుక్కుంది. "దేవుడికి ముందేది, వెనకేది. మనకే ఆలస్యం," అనుకుని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

కెప్టెన్ మాత్రం గుమ్మం వైపు నడుస్తున్న పెద్దాయనకు అడ్డం వెళ్ళింది. "బాబాయిగారూ, ఒక్క నిమిషం కూర్చోండి. నేనిప్పుడు ఎడమ పక్కకు వెళ్తాను, చూడండి. అది నా తప్పు. కుడివైపు వెళ్ళాల్సింది. వీళ్ళు నా మాట నమ్మి నా వెనకే వస్తారు."

తెర మీద బొమ్మ ఎడమ పక్కకు తిరిగింది. నాలుగు బొమ్మలు దాని వెనకే వెళ్ళాయి. పరుపులాయన సంచీతోనే సోఫా అంచున కూర్చున్నాడు.

"అక్కదేం లేదండి," అన్నాడు రెండోవాడు. "నేను ఇక్కడ పొగబాంబు వెయ్యాలి. ఇదిగో, ఇప్పుడు మర్చిపోతాను."

మర్చిపోయాడు. మూడోవాడు తాను ఏ తలుపు దగ్గర పోతాడో చూపించి, చెప్పిన చోటే పోయాడు. నాలుగోవాడు తన వంతు వచ్చేసరికి సిగ్గుపడి, తాను కంగారులో అక్కనే కాలుస్తానని ఒప్పుకున్నాడు. టీవీలో కాల్పులు వినబడ్డాయి. ఐదోవాడు ఒంటరిగా కాసేపు నిలబడతాడని, కానీ లాభం లేదని మిగతావాళ్ళే చెప్పారు. లాభం లేకపోయింది. తెర మీద అవతలి జట్టువాళ్ళు కుర్చీల్లోంచి లేచి కౌగిలించుకున్నారు.

పరుపులాయన సంచీ కింద పెట్టాడు.

"వద్దని చెప్పిపోదామనే వచ్చాను బాబూ," అన్నాడు గురితో. "ఈ ఆటలో ఎవరెవరో, ఎందుకు చస్తున్నారో నాకు ఏనాడూ అర్థం కాలేదు. ఇవాళే అర్థమైంది. నా ఫ్యాక్టరీలో తప్పు జరిగి, పరుపు చిరిగి, కొన్నవాడు వచ్చి పోట్లాడినా ఎవరూ ఒప్పుకోరు. ఈ పిల్లలు జరగకముందే ఒప్పుకున్నారు."

జరిగాకే ఒప్పుకున్నారని సర్దిచెప్పబోయిన గురి కాలిని తల్లి గట్టిగా తొక్కింది. ఈ ఐదుగురినీ విడదీయకూడదని, ఆ మాట కాగితం మీద కూడా ఉండాలని పరుపులాయన పట్టుబట్టాడు. ఇకమీదట ప్రతి మ్యాచ్‌నూ ఈ సోఫాలోనే చూస్తానన్నాడు. షరతు ఒకటే: ఆట నడిచేటప్పుడు యజమాని హాల్లో ఉండరాదు. కోచ్ మేడ మీదకు రానివ్వడు కాబట్టి, ఇక ఇంట్లోనే ఉండరాదు.

తర్వాతి మ్యాచ్ జరుగుతున్నంతసేపూ గురి వీధి చివర సెలూన్లో, తువ్వాలు కప్పుకుని, అద్దం పైనున్న టీవీకేసి చూస్తూ, కుర్చీ చేతుల మీద నిశ్చింతగా మీటలు నొక్కుకున్నాడు. జట్టు గెలిచింది. తల్లి ఫోన్ చేసి చెబితే అతను నమ్మలేదు. సెలూన్ టీవీలో ఆట ఇంటి టీవీకంటే ఇంకాస్త ఆలస్యంగా వస్తుంది.