సామాన్ల రిజిస్టరులో ఒక పాప

జూన్ పదకొండో తేదీ సాయంత్రం, రేపల్లె నుంచి తెనాలి వచ్చే ప్యాసింజరు బండిలో మనోహర్ మాస్టారి చొక్కా జేబులోంచి ఒక కార్డు జారిపోయింది. పోయింది చిన్న వస్తువే. అరచేయంత ప్లాస్టిక్ ముక్క, దాని మీద ఆయన భార్య ప్రేమకుమారి ఫొటో, కింద ఆమె సంతకం. ప్రేమకుమారి మే తొమ్మిదిన కన్నుమూసింది. ఫొటో అంటే చాలు మొహం బిగించుకునే మనిషి, ఆ ఒక్కదానిలో మాత్రం ఎందుకో నవ్వింది.

కార్డు అసలు ప్రయోజనం వేరు. వారి కూతురు ప్రియ నాలుగో తరగతిలోకి వచ్చిన జ్ఞాననక్షత్ర గ్లోబల్ ఒలింపియాడ్ టెక్నో స్కూలు వారి తల్లి కార్డు అది. తెనాలిలో ఆ బోర్డు పూర్తిగా చదవాలంటే బస్సు కాసేపు ఆగాలి. పిల్లను లోపలికి తీసుకోవడానికి అక్కడ ఏ కార్డూ అక్కర్లేదు. బయటికి పంపడానికే కావాలి. భద్రత అంటే అదే.

మనోహర్ గారు నగరం మండలంలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు ప్రధానోపాధ్యాయులు. పిల్లల్ని ప్రభుత్వ బడిలోనే చేర్చండని ఎన్నో ఏళ్లుగా వేసవిలో ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నారు. మీ పాప ఎక్కడ చదువుతోందండీ అని ఎవరూ అడగలేదు. మన ఊళ్లలో మర్యాద ఇంకా మిగిలే ఉంది.

కార్డు పోయిన రోజు మధ్యాహ్నమే శేషారత్నం అనే ముసలామె మనవరాలు భవ్యను వెంటబెట్టుకుని ఆయన బడికి వచ్చింది. తల్లి వేలిముద్ర లేనిదే పేరు ఎక్కదని మాస్టారు నియమం చెప్పారు.

"దాని తల్లి చైత్రంలోనే పోయింది సారూ. ఎక్కడ్నించి తేనూ?"

"అయితే ఆమె మరణ పత్రం తీసుకురా అమ్మా."

ఆ నెల రోజులుగా ఆయన తడబడకుండా మాట్లాడగలిగింది నియమాల భాష ఒక్కటే. ముసలామె పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు బడులు తెరిచారు. మాస్టారు సెలవు పెట్టి, ప్రియకు జడ వేసి, అది విప్పి మళ్లీ వేసి, స్కూలుకు తీసుకువెళ్లారు. డైరెక్టర్ భరద్వాజ గారు మైకు ముందు తల్లిదండ్రులకు స్వాగతం పలుకుతున్నారు. "తల్లి ఒడే తొలి బడి! మా స్కూల్లో ప్రతి బిడ్డకూ ఇద్దరు తల్లులు. ఒకరు ఇంట్లో, ఇంకొకరు మా యాప్‌లో!" చప్పట్లు మోగాయి. మాస్టారు కూడా కొట్టారు. సభామర్యాద తెలిసిన మనిషి.

సాయంత్రం నాలుగున్నరకు గేటు దగ్గర, కార్డు చూసే మిషను పక్కన, వాచ్‌మన్ ముత్తయ్య చేతులు నలుపుకున్నాడు. "మీరు మనోహర్ సారేనని నాకు తెలుసండి. మావాడికి ఎక్కాలు చెప్పింది మీరేగా. కానీ ఆ మిషనుకి తెలవాలి కదండి."

ఆఫీసులో రాగసుధ అనే ఉద్యోగిని ఎంతో గౌరవంగా కుర్చీ చూపించింది. "డూప్లికేట్ ఇస్తామండి. కార్డు ఎవరి పేరు మీద ఉందో వాళ్లొచ్చి సంతకం పెట్టాలి, అంతే."

"ఆవిడ చనిపోయారమ్మా."

"అయ్యో, సారీ అండి." స్క్రీన్ వైపు చూసింది. "మరి ఎప్పుడు రాగలరండీ?"

ఆమెను తప్పుపట్టడానికి లేదు. ఆ గడిలో తేదీ నింపితే గాని తర్వాతి గడి తెరుచుకోదు. మాస్టారు సంచిలోంచి మరణ ధ్రువీకరణ పత్రం జిరాక్సు తీసి ఇచ్చారు. ఆమె దాన్ని ఫొటో తీసి, యాప్‌లో ఎక్కించి, పిన్ను కొట్టి ఫైల్లో పెట్టింది. పని చక్కగా జరిగింది. పిల్ల మాత్రం లోపలే ఉంది.

ఆరింటికి ఆవరణలో మిగిలింది ప్రియ ఒక్కతే. చివరికి దారి చూపింది ముత్తయ్యే. విరిగిన బెంచీలు, పాత పేపర్లు బయటికి పంపడానికి వాడి దగ్గర సామాన్ల రిజిస్టరు ఒకటుంది. దానికి కార్డు అక్కర్లేదు. ఒక పాప, ఒక బ్యాగు, ఒక నీళ్ల సీసా అని రాసి, మాస్టారి చేత సంతకం పెట్టించుకుని, చిన్న గేటు తీశాడు. 'వస్తువుల స్థితి' అనే గడిలో 'బాగున్నది' అని కూడా రాశాడు. పనిలో లోటు రానివ్వడు.

దారిలో సంచిలో ప్రేమకుమారి ఫోను మోగింది. ఆమె నంబరుకు వచ్చే స్కూలు సందేశాల కోసం మాస్టారు దాన్ని వెంట ఉంచుకుంటున్నారు. ప్రియ తీసి, తెలుగు చదవడం వచ్చిన పిల్ల కనుక, పైకి చదివింది.

"ప్రియమైన మమ్మీ, మీ మరణ ధ్రువీకరణ పత్రం అందినది. మీ సహకారానికి ధన్యవాదాలు. డూప్లికేట్ కార్డు కొరకు మీరు స్వయంగా హాజరు కాగలరు."

ప్రియ ఫోను చేతిలోనే పట్టుకుని నడిచింది.

"నాన్నా, అమ్మకి బదులుగా నేను రిప్లై ఇవ్వనా?"

"వద్దమ్మా," అన్నారు మాస్టారు. కొంతదూరం పోయాక, "రేపు చూద్దాం," అన్నారు. ఆ మాట ఎవరి నోటి నుంచి ఎన్నిసార్లు విన్నారో ఆయనకు లెక్క లేదు. నిన్న శేషారత్నంతో ఆ మాట కూడా అనలేదని అప్పుడు గుర్తుకు వచ్చింది.

పదమూడున ప్రియను స్కూలుకు పంపకుండా తన చెల్లెలు ఫ్లోరెన్స్ ఇంట్లో దింపి ఆయన బడికి వెళ్లారు. భవ్యను చేర్చుకునే దరఖాస్తు ఫారం తీసుకుని నేరుగా శేషారత్నం ఇంటికి నడిచారు. తలుపుకు తాళం ఉంది. పక్కింటామె గిన్నెలు తోముతూ తలెత్తింది. "కొల్లిపర అవతల అరటి తోటల్లో పనికి పోయింది సారూ. పిల్లనీ తీసకపోయింది. బళ్లో చేర్చుకోలేదంట కదా? ఏ బడో ఏంటో!"

"మా బడేనమ్మా," అన్నారు మాస్టారు.

తిరిగి వచ్చేసరికి మండల కార్యాలయం నుంచి అభినందన పత్రం వచ్చి ఉంది. గ్రామంలో బడి బయట ఒక్క బిడ్డ కూడా లేకుండా నూరు శాతం నమోదు సాధించినందుకు. పదకొండో తేదీన ఆ లెక్కతో పంపిన నివేదిక మీద సంతకం మనోహర్ గారిదే. పత్రాన్ని పిల్లలకు కనిపించేలా గోడకు తగిలించమని ఆదేశం. తగిలించారు.

దరఖాస్తు ఆయన జేబులో, కార్డు ఉండిన చోట ఉంది. భవ్య పేరు ఇంకా ఎక్కలేదు.